ఆకుకు లైసెన్సు, నూనెకు 10 ఏళ్ళ జైలు: గంజాయి మీద రాజ్యం గీసిన గీతల చరిత్ర

ఉత్తరప్రదేశ్‌లోనో రాజస్థాన్‌లోనో ప్రభుత్వ లైసెన్సు ఉన్న దుకాణానికి వెళ్ళి భంగు కొనుక్కోవడం నేరం కాదు. అదే మొక్క పూత నుంచి తీసిన నూనె కిలోకు మించి దొరికితే మాత్రం కనీసం 10 ఏళ్ళ కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా. ఆకు, పూత, నూనె ఒకే మొక్కవి. వాటిలో మత్తు కలిగించే పదార్థమూ ఒకటే, పాళ్ళలోనే తేడా. అయినా ఒకటి పండుగ పానీయంగానూ, ఇంకొకటి సంఘద్రోహంగానూ చట్టం కంటికి ఎందుకు కనిపిస్తున్నాయి? ఈ ప్రశ్నకు జవాబు వైద్యశాస్త్రంలో కన్నా పరిపాలన చరిత్రలో ఎక్కువ దొరుకుతుంది. ఈ మొక్కను ఎవరు ఏ రూపంలో, ఏ దారిన పుచ్చుకుంటున్నారన్నదాన్ని బట్టి రాజ్యం గీతలు గీస్తూ వచ్చింది. గీసినప్పటి కారణాలు కాలక్రమంలో మాసిపోయాయి, గీతలు మిగిలాయి. వాటి భారం నేడు ఎవరి వీపున పడుతోందన్నదే తేల్చుకోవలసిన విషయం.

నెయ్యి, నిప్పు

గంజాయి మొక్కలోని మత్తు ప్రధానంగా ఆడమొక్క పూతను అంటిపెట్టుకుని ఉండే జిగురులో ఉంటుంది. ఆ జిగురు నీటిలో కరగదు. కొవ్వులో, సారాయంలో కరుగుతుంది. ఈ సంగతిని రసాయనశాస్త్రం నిర్ధారించక ముందే భారతీయ వంటగది ఆచరణలో పెట్టింది. ఆకును మిరియాలతో, పాలతో నూరి తాగడం ఒక పద్ధతి. ఆకును నెయ్యితో కలిపి నీటిలో మరిగించి, మత్తును పీల్చుకున్న నెయ్యిని వేరుచేసి, పంచదార పాకంలో కలిపి మాజూం అనే మిఠాయిగా తినడం మరొకటి. సారాన్ని కొవ్వులోకి దింపి తినడమనే నేటి ‘గంజాయి నూనె’ పద్ధతికి పూర్వరూపం ఈ నెయ్యే.

పూతను పొగాకుతో కలిపి చిలుంలో దమ్ము లాగడం వేరే దారి. హిమాలయ పాదాల నుంచి మధ్యాసియా వరకు జిగురునే వేరుచేసి చరస్‌గా కాల్చడం ఇంకో దారి. పొగగా పీల్చినది నిమిషాల్లో తలకెక్కి కొన్ని గంటల్లో దిగుతుంది. కడుపులోకి వెళ్ళినది ఎక్కడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. కాలేయంలో మార్పు చెంది, మరింత గాఢంగా, మరింత సేపు నిలుస్తుంది. మొదటి ముద్ద పనిచేయలేదనుకుని రెండో ముద్ద తిన్నవాడు మంచాన పడడం ఈ తేడా వల్లనే. ఎంత తీసుకున్నారన్నది ఎంత ముఖ్యమో, ఎలా తీసుకున్నారన్నదీ అంతే ముఖ్యం. ఈ వివేకం శతాబ్దాల పాటు అలవాటుగా, ఆచారంగా సమాజంలో నిలిచింది. దాన్ని కొలతలోకి తెచ్చే పని కలకత్తాలో మొదలైంది.

కలకత్తాలో ముగ్గురు రోగులు

ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరిన ఐరిష్ వైద్యుడు విలియం బ్రూక్ ఓషానెస్సీ కలకత్తా మెడికల్ కాలేజీలో రసాయనశాస్త్ర ఆచార్యుడు. తరువాతి కాలంలో ఈ దేశంలో టెలిగ్రాఫ్ తీగలు వేయించినవాడూ ఆయనే. గంజాయి పూతను సారాయంలో ఉడికించి గాఢమైన సారాన్ని తీశాడు. దానిని తిరిగి సారాయంలో కరిగించి చుక్కలుగా ఇవ్వదగిన టింక్చర్ తయారు చేశాడు. స్థానిక వైద్యులను, పండితులను, హకీములను అడిగి తెలుసుకున్న సమాచారానికి జంతువులపై పరీక్షలు జోడించి, ఆ తరువాతే మనుషులకు ఇచ్చాడు. ఆ ఫలితాలను 1839లో ప్రకటించాడు. పాశ్చాత్య వైద్యంలో గంజాయి సారం ప్రవేశానికి ఆ పత్రమే ద్వారం.

అందులోని ఒక ఉదంతం ఈ చరిత్రకంతటికీ తాళంచెవి వంటిది. 1838 నవంబరులో కీళ్ళవాతంతో బాధపడుతున్న ముగ్గురికి ఒకే మోతాదు ఇచ్చారు: ఒక్కొక్కరికి ఒక గ్రెయిన్, అంటే దాదాపు 65 మిల్లీగ్రాముల జిగురు. ఒకడు తొలుత గలగలా మాట్లాడాడు, పాటలు పాడాడు, తిండి కావాలని కేకలు వేశాడు. రాత్రికి, చేతిని ఎత్తి పెడితే ఎత్తినట్టే నిలిచిపోయే స్తబ్ధావస్థలోకి జారుకున్నాడు. రెండోవాడిలోనూ ఇటువంటి లక్షణాలే కనిపించాయి. మూడోవాడిలో మార్పే లేదు. ఆరా తీస్తే అతడు చిలుంకు అలవాటు పడినవాడని తేలింది. అందరూ కోలుకున్నారు, ఓషానెస్సీ మోతాదు తగ్గించాడు. తూకం ఒక్కటే చూసి మత్తు ఎంతో చెప్పలేమన్న పాఠం ఆ ఆసుపత్రి గదిలో ఆనాడే వెల్లడైంది.

ఆయన మరో కేసూ నమోదు చేశాడు. మూర్ఛలతో విలవిల్లాడుతున్న 40 రోజుల పసికందుకు టింక్చర్‌ను చుక్కలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోతే మూర్ఛలు ఆగాయి, బిడ్డ బతికింది. ధనుర్వాతంలోనూ ఈ మందు ఈడ్పులను నెమ్మదింపజేస్తుందని ఆయన గమనించాడు. ఓషానెస్సీ ఇంగ్లండుకు తీసుకువెళ్ళిన సరుకుతో లండన్ ఔషధ వ్యాపారి పీటర్ స్క్వయర్ సారాన్ని తయారు చేసి అమ్మాడు. 1850లలో ఆ సారం అమెరికా ఔషధ సంహితలోనూ చోటు చేసుకుంది.

అయినా ఆ మందు నిలవలేదు. ఒక సీసాలోని చుక్కలు రోగిని కదిలించేవి కావు. ఇంకో సీసాలోని అన్నే చుక్కలు పడగొట్టేవి. మత్తును కలిగించే పదార్థం ఏమిటో, ఏ సీసాలో ఎంత ఉందో కొలిచే దారి లేదు. నీటిలో కరగదు గనుక, ఇంజక్షన్ సూది వచ్చాక మార్ఫిన్‌లా ఇవ్వడానికీ వీలు పడలేదు. బ్రిటన్ 1932లో, అమెరికా 1942లో తమ ఔషధ సంహితల నుంచి దానిని తొలగించాయి. టీహెచ్‌సీ అనే మూలపదార్థాన్ని ఇజ్రాయెల్‌లో రఫాయెల్ మెషూలమ్, యెహియెల్ గావొని శుద్ధరూపంలో వేరుచేసింది 1964లో. కొలవగలిగే విద్య చేతికి వచ్చేసరికి మందు నిషిద్ధ సరుకుల జాబితాలో చేరిపోయింది.

ముందు విచారణ, తరువాత తీర్పు

ఈలోగా వలస ప్రభుత్వం ఒక అరుదైన పని చేసింది. భారతదేశపు పిచ్చాసుపత్రులు గంజాయి బాధితులతో నిండిపోతున్నాయన్న ప్రచారం బ్రిటన్‌లో ఊపందుకుంది. మద్యనిషేధవాది డబ్ల్యూ.ఎస్. కెయిన్ 1893లో కామన్స్ సభలో ఈ విషయం లేవనెత్తాడు. ఫలితంగా డబ్ల్యూ. మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షతన ఏడుగురు సభ్యులతో ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ ఏర్పడింది. ముగ్గురు సభ్యులు భారతీయులు. కమిషన్ 1,193 మంది సాక్షులను విచారించి, 1894లో ఏడు సంపుటాల నివేదిక ఇచ్చింది.

ఆ నివేదికలో నేటికీ పనికివచ్చేది దాని పద్ధతి. ఆకు భంగు, పూత గంజాయి, జిగురు చరస్ అన్న మూడు రూపాలను అది విడివిడిగా పరిశీలించింది. ఒక్కొక్కదాన్ని ఎవరు వాడుతున్నారు, తాగుతున్నారా తింటున్నారా కాలుస్తున్నారా, మితంగానా అతిగానా అని అడిగింది. పిచ్చాసుపత్రుల రికార్డులనూ గుడ్డిగా నమ్మలేదు. 1892లో చేరిన 1,344 మందిలో 222 మంది ఉన్మాదానికి కారణం గంజాయేనని రికార్డులు చెప్పాయి. ఒక్కొక్క కేసునూ తిరగదోడితే ఆ సంఖ్య 98కి తగ్గింది. అందులోనూ కొన్నింటికి ఇతర కారణాలు తోడై ఉన్నాయి. రోగిని తీసుకువచ్చిన పోలీసు, ‘కారణం’ అన్న గడి ఖాళీగా ఉండకూడదని ‘గంజాయి’ అని నింపేవాడన్న సంగతి అప్పుడు బయటపడింది. మితంగా వాడితే చెప్పుకోదగ్గ హాని లేదని, అతిగా వాడితే హాని ఉందని, సంపూర్ణ నిషేధం అవసరం లేదని కమిషన్ తేల్చింది. సాగును పరిమితం చేసి, లైసెన్సులతో, పన్నులతో అదుపు చేయమంది. భంగును నిషేధిస్తే మతాచారంలో జోక్యంగా జనం భావిస్తారనీ హెచ్చరించింది.

దీనిని వలస పాలకుల ఔదార్యంగా పొగడవలసిన అవసరం లేదు. ఆబ్కారీ ఆదాయం వారికి ముద్దు. కమిషన్‌లోనే ఇద్దరు భారతీయ సభ్యులు మెజారిటీ నిర్ణయాలతో విభేదించి అసమ్మతి పత్రాలు రాశారు. మత్తు వ్యాపారం మీద ఖజానా నింపుకునే ప్రభుత్వాన్ని జాతీయోద్యమం తరువాతి కాలంలో నిలదీసింది. రాజ్యాంగం 47వ అధికరణంలో మాదకద్రవ్యాల నిషేధం ఆదేశిక సూత్రంగా చేరింది. అయితే ఆ అధికరణం ‘ఔషధ అవసరాలకు తప్ప’ అన్న మినహాయింపునూ రాసుకుంది. తరువాతి చట్టాల అమలులో ఆ మినహాయింపే నీడలోకి వెళ్ళిపోయింది.

ఆ వ్యవస్థలో ఆంధ్రదేశానికీ చోటుంది. బెంగాల్‌కు కావలసిన గంజాయి రాజ్‌షాహీ ప్రాంతంలోని నౌగావ్‌లో ప్రభుత్వ పర్యవేక్షణలో పండేది. చరస్ యార్కండ్ నుంచి లేహ్ మీదుగా పంజాబ్‌కు దిగేది. మద్రాసు రాజధానిలో లైసెన్సు సాగుకు పేరుపడినవి రెండు చోట్లు: ఉత్తర ఆర్కాటులోని జవ్వాది కొండలు, నాటి కృష్ణా జిల్లా బాపట్ల తాలూకాలోని సంతరావూరు ప్రాంతం. తెలుగు రైతు ఈ పంటను సర్కారు అనుమతితో పండించి, సర్కారు గోదాములకు తోలి, సర్కారుకు పన్ను కట్టిన కాలం ఒకటుంది. కోస్తాలోని ఆ అధ్యాయం చెరిగిపోయి, నేడు ‘ఆంధ్రా గంజాయి’ అనగానే మన్యం ఒక్కటే గుర్తుకు వస్తోంది.

రూపం నుంచి బరువుకు

ప్రపంచ ఒప్పందాల కాలంలో సారం మీద ప్రత్యేకంగా కన్ను పడింది. 1925 నాటి జెనీవా ఒప్పందం గంజాయి సారాన్ని, టింక్చర్‌ను అంతర్జాతీయ నియంత్రణలోకి తెచ్చింది. 1961 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం పూతను, జిగురును అత్యంత కఠినమైన నాలుగో షెడ్యూలులోనూ చేర్చి, సారాలను, టింక్చర్లను మొదటి షెడ్యూలులో ఉంచింది. పూత లేని ఆకును మాత్రం గంజాయి నిర్వచనం నుంచి తప్పించింది. భంగు బతికింది ఆ నిర్వచనం చాటునే. ఒప్పందం అమలులోకి వచ్చిన 25 ఏళ్ళలోగా గంజాయి వైద్యేతర వాడకానికి స్వస్తి చెప్పాలన్న గడువు భారత్ వంటి దేశాల మెడ మీద ఉంది. నేపాల్ 1973లోనే కాఠ్‌మాండూ దుకాణాల లైసెన్సులు రద్దు చేసింది. నౌగావ్ పొలాలు ఆనాటికి బంగ్లాదేశ్‌లో ఉన్నాయి. 1980లలో అక్కడి సాగూ ముగిసింది.

భారత పార్లమెంటు 1985లో ఎన్‌డీపీఎస్ చట్టం చేసింది. ఆ ఏడాది నవంబరు 14న అది అమలులోకి వచ్చింది. కమిషన్ చెప్పిన మూడు రూపాల విభజన అందులో పైపైన నిలిచింది: ఆకుకు మినహాయింపు, పూతకు ‘గంజాయి’ అన్న పేరు, జిగురుకు ‘చరస్’ అన్న పేరు. హషీష్ ఆయిల్‌గా, ద్రవరూప హషీష్‌గా పిలిచే గాఢసారాన్ని చట్టం చరస్ నిర్వచనంలోనే కలిపేసింది. ఎవరు ఎలా వాడుతున్నారన్న విచారణ మాత్రం ఈసారి జరగలేదు.

సరిగ్గా అదే ఏడాది అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ డ్రోనాబినాల్ అనే గొట్టం మందుకు అనుమతి ఇచ్చింది. కృత్రిమంగా తయారైన టీహెచ్‌సీని నువ్వుల నూనెలో కరిగించి గొట్టంలో నింపిన మందు అది. కేన్సర్ మందుల వల్ల వచ్చే వాంతులకు వాడతారు. గంజాయి నిషేధానికి ప్రపంచమంతటా పట్టుబట్టిన దేశం తన రోగులకు దాని సారాన్ని కొలిచి, నూనెలో కలిపి మింగించే దారి వెదుక్కుంది. నేతిలో కలిపి తినడం తరతరాలుగా తెలిసిన దేశం ఔషధ పరిశోధన తలుపులను తన చేతులతోనే బిగించుకుంది. నోటిలో చిమ్ముకునే సాటివెక్స్‌ను బ్రిటన్ 2010లో అనుమతించింది. పిల్లలలో తీవ్రమైన మూర్ఛలకు సీబీడీ ద్రావణమైన ఎపిడియోలెక్స్‌ను అమెరికా 2018లో అనుమతించింది. కలకత్తా పసికందుకు చుక్కలు వేసి అప్పటికి దాదాపు 180 ఏళ్ళు.

2001 సవరణ తరువాత ఎన్‌డీపీఎస్ శిక్షలు బరువుతో ముడిపడ్డాయి. గంజాయి కిలో వరకు ‘స్వల్ప పరిమాణం’. 20 కిలోలు దాటితే ‘వాణిజ్య పరిమాణం’. చరస్, హషీష్ ఆయిల్‌కు ఆ అంకెలు 100 గ్రాములు, 1 కిలో. వాణిజ్య పరిమాణమైతే 10 నుంచి 20 ఏళ్ళ శిక్ష. 37వ సెక్షన్ ప్రకారం, నిందితుడు నిర్దోషి అనడానికి సహేతుకమైన ఆధారం ఉందని న్యాయస్థానం సంతృప్తి చెందితే తప్ప బెయిల్ రాదు. విచారణ ముగిసేలోగా ఏళ్ళు గడిచిపోవడానికి ఈ సెక్షనే ప్రధాన కారణం.

మిశ్రమంలో అసలు మత్తు పదార్థం బరువునే లెక్కించాలని 2008లో మైకేల్ రాజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2009లో కేంద్రం ప్రకటన జారీ చేసి దానిని తోసిరాజంది. 2020 ఏప్రిల్‌లో హీరా సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పాత తీర్పును పక్కనపెట్టి, కలిసి ఉన్న ఇతర పదార్థం బరువునూ జోడించాలని తేల్చింది. మత్తును వీధిలో అమ్మేది మిశ్రమంగానే గనుక మిశ్రమాన్నంతటినీ తూచాలన్న వాదనలో బలం లేకపోలేదు. కానీ ఫలితం గమనించాలి. చాలా పలచని నూనెకూ, చాలా గాఢమైన నూనెకూ తూకం ఒకటైతే శిక్షా ఒకటే. 900 గ్రాముల చిక్కటి నూనెతో దొరికినవాడు వాణిజ్య పరిమాణం కిందకు రాడు. 37వ సెక్షన్ కాఠిన్యం అతడికి వర్తించదు. 21 కిలోల ఎండు గంజాయి మూట మోస్తూ దొరికిన కూలివాడు వస్తాడు. ఎవరి సరుకులో ఎంత మత్తు ఉందన్న ప్రశ్నే తలెత్తదు.

మన్యం చెల్లిస్తున్న మూల్యం

ఈ లెక్క దొంగవ్యాపారానికి బాగా తెలుసు. బస్తాలు పెద్దవి, వాసన గుప్పుమంటుంది, తనిఖీ కేంద్రాలు ఎక్కువ. అదే సారాన్ని నూనెగా మార్చితే చిన్న సీసాల్లో జేబులో పడుతుంది. ఆంధ్ర, ఒడిశా సరిహద్దు మన్యం నుంచి హైదరాబాద్, బెంగళూరు దాకా పోలీసులు పట్టుకునే కేసుల్లో హాష్ ఆయిల్ సీసాలు తరచూ కనిపించడానికి ఇదొక కారణం. నిషేధం బిగిసేకొద్దీ సరుకు చిక్కబడుతుంది. సారా నిషేధం నాటి అనుభవమూ ఇదే చెబుతుంది. ఏ ద్రావకంతో తీశారో, ఎంత అవశేషం మిగిలిందో, చుక్కలో టీహెచ్‌సీ ఎంతో తెలియని ఆ నూనెను సిగరెట్టుకు పూసి కాల్చే కుర్రవాడు ఓషానెస్సీ రోగి కన్నా ప్రమాదంలో ఉన్నాడు. ఆ రోగి పక్కన కనీసం వైద్యుడు ఉన్నాడు.

ఆంధ్రప్రదేశ్ పోలీసులు 2021 చివర ‘ఆపరేషన్ పరివర్తన’ పేరిట ఏజెన్సీలో వేల ఎకరాల గంజాయి తోటలను నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి వద్ద సుమారు 2 లక్షల కిలోల సరుకును తగలబెట్టారు. యువతను కాపాడుకోవాలన్న ఆత్రుతలో నిజం ఉంది. చిన్న వయసులో గాఢమైన టీహెచ్‌సీ అలవాటు మానసిక ఆరోగ్యాన్ని దెబ్బతీస్తుందనడానికి ఆధారాలూ ఉన్నాయి. కానీ తోట నరికినవాడికి పసుపు, కాఫీ, మిరియం మీద గిట్టుబాటు ఆదాయం చూపకపోతే లోయ మారుతుందే తప్ప పంట మారదు. పెట్టుబడి పెట్టినవాడు ఎక్కడో పట్నంలో ఉంటాడు. మూట మోసిన గిరిజన యువకుడు విశాఖ జైలులో వాయిదాలు లెక్కపెడతాడు.

మరోవంక, ఆకు నుంచి తీసిన సారమని చెప్పే ‘విజయ’ నూనెలు ఆయుష్ లైసెన్సులతో, వైద్యుని సూచన మీద అమ్ముడవుతున్నాయి. నాలుక కింద ఇన్ని చుక్కలు వేసుకొమ్మని చీటీ రాసి ఇస్తారు. నిద్రలేమికి, నొప్పులకు అవి వాడేవారిని తప్పుపట్టవలసిన పని లేదు. అయితే నూనెగా మారాక అది ఆకుదా, పూతదా అన్నది చూపుతో తేలేది కాదు. మధ్యతరగతి చేతిలోని సీసాను ఔషధంగానూ, మన్యం యువకుడి చేతిలోని సీసాను నేరంగానూ విడదీసే గీత 1961 నాటి ఒక నిర్వచనం మీద నిలబడి ఉంది.

ప్రపంచమూ ఈ గీత దగ్గరే తటపటాయిస్తోంది. 2020 డిసెంబరు 2న ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ 27 ఓట్లతో గంజాయిని నాలుగో షెడ్యూలు నుంచి తప్పించింది. వ్యతిరేకంగా 25 ఓట్లు పడ్డాయి. భారత్ మార్పుకు అనుకూలంగా ఓటు వేసింది. సారాలను, టింక్చర్లను మొదటి షెడ్యూలు నుంచి తొలగించాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు మాత్రం అదే రోజు వీగిపోయింది. వియన్నాలో ఓటు వేసిన చేయి ఢిల్లీలో చట్టాన్ని తెరవలేదు. ఎన్‌డీపీఎస్ 10వ సెక్షన్ వైద్య, శాస్త్రీయ అవసరాలకు సాగును అనుమతించే అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చినా, ఉత్తరాఖండ్, హిమాచల్ వంటి కొన్ని రాష్ట్రాలు తప్ప ఆ దారి తొక్కినవి అరుదు. అవీ ప్రధానంగా నారకు పనికివచ్చే పారిశ్రామిక సాగునే దృష్టిలో పెట్టుకున్నాయి.

నిషేధమా, అనుమతా అన్న చర్చ జరిగితే జరగనివ్వండి. దాని కన్నా ముందు తీరవలసిన బాకీ ఒకటుంది. 1893 నాటి పరాయి ప్రభుత్వం, తన ఖజానా కోసమే అయినా, ఊరూరా తిరిగి వెయ్యి మందికి పైగా సాక్షులను అడిగింది: ఏది, ఎంత, ఎలా, ఎవరు? స్వతంత్ర భారతం ఆ స్థాయి విచారణ ఒక్కసారీ జరపకుండానే తన పౌరులను 10 ఏళ్ళకు, 20 ఏళ్ళకు జైలుకు పంపుతోంది. నూనెలో ఎంత మత్తు ఉందో కొలిచే ప్రయోగశాలలు నేడు ఉన్నాయి. దానిని నాలుక కింద వేసుకున్నా, మింగినా, కాల్చినా శరీరంలో ఏమవుతుందో చెప్పే శాస్త్రమూ ఉంది. ఆ కొలతను శిక్షాస్మృతిలోకి రానివ్వకుండా తక్కెడనే నమ్ముకున్నంత కాలం బరువు మోసేవాడే బలి అవుతాడు. సారం పిండుకున్నవాడు తప్పించుకుంటాడు.